చిలకల దిళ్లు

అల్ అజీజియా, అల్ ఖోబర్
మార్చి

మాణిక్యానికి,

అక్క రాసే నాలుగు ముక్కలు. ఈ కాలంలో ఇంకా కాగితాలేమిటని మా మరిది సురేంద్ర నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. ఈ సౌదీ ఇంట్లో నేను ఫోన్ పట్టుకుంటే చాలు, మేడమ్ వచ్చి పక్కనే కూర్చుంటుంది. తెలుగు ముక్క అర్థం కాకపోయినా నా మొహం చూస్తూ ఉంటుంది. కాస్త గట్టిగా నవ్వానా, "నా గురించి ఏం చెబుతున్నావు?" అని నిలదీస్తుంది. కాగితం మీదైతే నిన్ను తిట్టినా, ముద్దు చేసినా నా ఇష్టం.

ఇది తెచ్చినాయన మస్తాన్ భాయ్, మా ఇంటి డ్రైవరు. భీమవరం మనిషి. సెలవు మీద వస్తూ, రాజమండ్రిలో దిగి నీకు ఈ మూట ఇచ్చి వెళ్తానన్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టు. గోంగూర అంటే ప్రాణం. హోటల్ నుంచి తెప్పించి పెడితే మాత్రం నీకూ నాకూ చెడుతుంది.

మూటలో ఖర్జూరాలు, దిండు గలేబులు ఉన్నాయి. ఇంట్లో మగవాళ్లు అతిథులతో కూర్చునే మజ్లిస్‌లో గుడ్డలన్నీ మార్చేశారు. ఎర్ర మఖ్మలు, దాని మీద బంగారు చారలు. పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. శుక్రవారాలు ముత్యవ్వ గదిలో కూర్చుని కుట్టాను. ముత్యవ్వది నిజామాబాద్ వైపు, ఇక్కడో బళ్లో పని చేస్తుంది. మొగుడితో కలిసి ఉంటుంది కాబట్టి ఆమెకొక గదంటూ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ వదిలిపెడితే తెలుగు ఆడవాళ్లమంతా అక్కడే చేరి వండుకుని తింటాం. వారమంతా "హాదిర్, హాదిర్" అంటూ చిత్తం పలికిన నోటికి ఆ పూటే కాస్త తెలుగు దొరుకుతుంది. అది కూడా లేకపోతే నేను ఈ పాటికి పిచ్చిదాన్నయ్యేదాన్ని.

గలేబుల మూలల్లో చూడు. అమ్మ బొంతల మీద కుట్టేదే, మెడ వెనక్కి తిప్పి చూసే ఆకుపచ్చ చిలక. నా చేతికి అమ్మ చిలక అంత బాగా రాలేదు. ఒకదానికి ముక్కు మరీ పొడవైంది. అది అచ్చం నీలాగే ఉందని అందరికీ చెప్పాను.

సురేంద్ర, నువ్వు కలిసి ఇంట్లోనే వీడియోలు తీసి ఎవరో విదేశీ కంపెనీకి అమ్ముతున్నామన్నావు. ఏం వీడియోలో అడిగితే మాట దాటేశావు. వంటలా? చీరలా? ఏవైతేనేం, వాటిల్లో నా దిళ్లు కనపడేలా పెట్టు. మీ బావ పోయాక నా అన్నవాళ్లలో నువ్వొక్కదానివే మిగిలావు. నీ ఇంట్లో నేనూ ఓ మూల కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక్కడ ఉండనిచ్చే ఈ ఇకామా కాగితం గడువు తీరగానే, పూర్తిగా వచ్చేసేలా ఫైనల్ ఎగ్జిట్ అడుగుతాను. వెనక గది నాకు ఉంచు. నీ సామాన్లన్నీ అందులో పడేసి ఉంటావు, తెలుసు. ముందు అవన్నీ తీసెయ్. కుట్టుమిషను కిటికీ దగ్గర పెట్టుకుంటాను.

నీ అక్క,
రత్తమ్మ


రాజమండ్రి
మే

అక్కా,

మస్తాన్ గారు వచ్చారు, తిన్నారు, గోంగూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. హోటల్ కూర కాదు, ఒట్టు. వెళ్లేటప్పుడు మన హాల్లో దిళ్లు వేసుకుని కూర్చుని, "మీ అక్క చేతిలో పనుందమ్మా" అన్నారు. నువ్వు పంపిన ఖర్జూరాల్లో సగం ఆయనే తినేశారు, ఆ సంగతి ఆయనకు చెప్పకు.

దిళ్లు చూసి ఏడ్చాను. ముక్కు పొడవు చిలకను నా వైపే వేసుకుంటున్నాను.

వీడియోల సంగతి అడిగావు. పెళ్లి వీడియోల పని సురేంద్రకు ఇక రావడం లేదు. డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్లు వచ్చాక ఈయన్ని పిలిచేవాళ్లు లేరు. కెమెరాలు, లైట్లు ఇంట్లో దుమ్ముకొట్టుకుపోతుంటే చూడలేక మేమే ఏవో తీసుకుంటున్నాం. ఆ కంపెనీ వాటిని బయటి దేశాల్లో చూపిస్తుంది. ఇక్కడ ఇండియాలో కనపడవు, అలాగే పెట్టించుకున్నాం. అందుకే నీకు పంపలేదు. అంతకు మించి చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదు.

ఒకటి మాత్రం చెబుతాను. మా పని మేం చేసుకుంటున్నాం. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడటం లేదు. అలా నిలబడే రోజు నీకూ త్వరలో పోవాలి.

గదిలో సామాను తీసేశాను. సున్నం వేయిస్తున్నాను. ఏ రంగు కావాలో చెప్పు.

దిళ్లు వీడియోలో పెట్టాను. అడిగావుగా.

నీ మాణి


అల్ అజీజియా, అల్ ఖోబర్
ఆగస్టు

మాణీ,

ఈ ఉత్తరం మస్తాన్ తేవడం లేదు. ఇక ఎప్పటికీ తేడు. కార్గో దుకాణం ఫారూఖ్‌ను బతిమాలి, ఎవరిదో సామాన్ల పెట్టెలో పెట్టించాను. జవాబు రాస్తే ఆ దుకాణం అడ్రసుకే కొరియర్ చెయ్యి. ఫోన్‌లో మాత్రం ఈ మాట ఎత్తకు. ఇక్కడ ఇలాంటివి ఫోన్‌లో దొరికితే జైలు.

సెలవు నుంచి వచ్చాక మస్తాన్ నాతో బాగానే ఉన్నాడు. నీ గోంగూర గురించి పది మందికి చెప్పాడు. పోయిన నెల నుంచి నా మొహం చూడటం మానేశాడు. టీ ఇస్తే అక్కడ పెట్టమన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నిన్న శుక్రవారం ముత్యవ్వ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"రత్తమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. గా చిలకల దిండ్లు నువ్వు మా ఇంట్లనే కుట్టినవ్ గద. ఎవ్వలికిచ్చినవ్?"

"మా చెల్లెలికి."

"ఇంకెవ్వలికన్న ఇచ్చినవా? యాది జేస్కో."

లేదన్నాను. ఆమె పొయ్యి ఆర్పేసింది. ఆ తర్వాత చెప్పింది. రియాద్‌లో మలాజ్ దగ్గర ఫోన్లు బాగుచేసే ఇష్తియాక్ అనేవాడు మస్తాన్‌కు దోస్తు. ఇక్కడ సర్కారు మూసేసిన సైట్లను కూడా ఏదో కిటుకుతో వేరే దేశం నుంచి చూస్తున్నట్టు తెరుస్తారట. వాడి ఫోన్ నుంచి డ్రైవర్ల ఫోన్లకు ఒక బూతు వీడియో వచ్చింది. ఒక ఆడది, ఒక మగాడు. మొహాలకు ముసుగులు. వాళ్ల వెనక ఎర్ర మఖ్మలు దిళ్లు, మూలల్లో మెడ తిప్పి చూసే చిలకలు. మస్తాన్ ఆ దిళ్లను తన చేతులతో మోశాడు, వాటి మీద కూర్చున్నాడు. ముత్యవ్వ మొగుడికి చెప్పాడు, మొగుడు ఆమెకు చెప్పాడు.

సాయంత్రం కారు కడుగుతుంటే మస్తాన్ దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే అన్నాడు: "నాకేం చెప్పకండి రత్తమ్మ గారూ. ఆ ఇంట్లో అన్నం తిన్నాను, అదే తలుచుకుంటే నోరు కడుక్కోవాలనిపిస్తోంది. ఆ గుమ్మానికి నేనింకేదీ మొయ్యను."

నేనేం చెప్పాలనుకున్నానో నాకే తెలీదు.

ఎవరో గలేబులు దొంగిలించారని రాయి. ఎవరికో అమ్మేశానని రాయి. నువ్వు ఏది రాసినా నమ్ముతాను. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నాను.

అక్క


రాజమండ్రి
సెప్టెంబరు

అక్కా,

ఎవరూ దొంగిలించలేదు. నేనెవరికీ అమ్మలేదు. అది నేనే. ఆ మగాడు సురేంద్రే. నా మొగుడే.

ఇది చదివాక కాసేపు పక్కన పెట్టి ఉంటావు. మళ్లీ తీసి చదువు.

మమ్మల్నెవరూ బలవంతపెట్టలేదు. మోసపోయామని రాస్తే నీకు ఓదార్పుగా ఉంటుందేమో, కానీ అది అబద్ధం. మా ఇంట్లో, మా తలుపు వేసుకుని, మేమే లైట్లు పెట్టుకుని, మేమే తీసుకుని, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో మేమే చూసుకున్నాం. పంపిణీ చేసే పని కంపెనీది. మొదటిసారి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను. ఆ తర్వాత చూసుకోలేదు. ముసుగు వేసుకున్నాం, నాకు తెలిసినవాళ్లెవరూ చూడరన్న ధైర్యం అది.

మా తప్పెక్కడో చెబుతాను. కంపెనీ సైటులో, ఏ దేశంలో కనపడకూడదో నొక్కమని దేశాల పేర్లు ఉంటాయి. మేం ఇండియా నొక్కాం. చుట్టాలు, వీధిలోవాళ్లు, నాకు చదువు చెప్పిన మేరీ టీచరు, అందరూ ఇండియాలోనే ఉన్నారని హాయిగా పడుకున్నాం. మన వీధిలో ఇంటికొకరు కువైట్, మస్కట్, దమ్మాం వెళ్లినవాళ్లే కదా! వాళ్లను రైలెక్కించడానికి నేనే ఎన్నిసార్లు స్టేషనుకు వెళ్లాను! సొంత అక్క సౌదీలో ఉండగా ఇండియా ఒక్కటి మూస్తే చాలనుకున్నాను. మన ఊరు సగం అక్కడే ఉందని నా మట్టిబుర్రకు తట్టలేదు. నువ్వు నిలదీసినా, మస్తాన్ నిలదీసినా నేను తలెత్తి జవాబు చెప్పలేనిది ఈ ఒక్కటే.

మస్తాన్ గారికి నోరు కడుక్కోవాలనిపిస్తోందా? పాపం! అది ఆయన ఫోన్‌లోకి దానంతట అది నడిచి రాలేదు. తెరిచాడు, చూశాడు, మూలల్లో చిలకలు గుర్తుపట్టేదాకా చూశాడు. ఆయన మనిషి, నేను కాదు. మీ ముత్యవ్వ గదిలో ఆయన్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

నన్ను పరువు గురించి అడుగుతావని తెలుసు. నీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందక్కా? నవ్వడానికి కూడా ఒకామె అనుమతి కావాలని నువ్వే రాశావు.

కోపంలో రాసేశాను. కొట్టెయ్యను. కానీ నీకు అక్కడ నష్టం జరగకూడదు. వాటిని తీసెయ్యమని కంపెనీని అడుగుతున్నాను.

మాణి


అల్ అజీజియా, అల్ ఖోబర్
అక్టోబరు

మాణిక్యం,

నా పాస్‌పోర్టు నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, ఆ కఫీల్ బీరువాలో ఉంది. నేను వాళ్ల మరుగుదొడ్లు కడుగుతాను. అంతా నిజమే. కానీ కడిగాక చేతులు కడుక్కుంటే అయిపోతుంది. నీది ఎక్కడ కడుక్కుంటావు?

నువ్వు ఏం చేశావో అది నీ మొగుడితో చేశావు. అక్కడిదాకా నోరు మూసుకుంటాను. మీ గదిలోకి తొంగిచూసే అలవాటు నాకు లేదు. కానీ అమ్మ చిలకను ఎందుకు పెట్టావే? ఇంట్లో ఇంకో గుడ్డ లేదా? నీ ఇంట్లో ఓ మూల నేను కూర్చున్నట్టు ఉంటుందని అడిగాను. బాగా కూర్చోబెట్టావు. నా వేళ్లకు సూది గుచ్చుకున్న చోట్లు ఇంకా ఉన్నాయి. వాటిని చూసుకుంటే అసహ్యం వేస్తోంది.

ఇక్కడ నా సంగతి విను. ముత్యవ్వ గది తలుపు నాకు మూయలేదు. మూసినా బాగుండేది. వెళ్తాను, కూర్చుంటాను. నేను ముట్టుకున్న గరిటెను ఎవరో తీసుకుని కడుగుతారు. కూర నేను కలుపుతానంటే "వద్దులే, కూసో" అంటుంది ముత్యవ్వ. కడపవైపు నుంచి కొత్తగా వచ్చిన షబానా నా పక్కన కూర్చోబోతే, ఎవరో కొంగు పట్టి లాగారు. నేను కంచం తీసుకుని మెట్ల మీద తిన్నాను. రెండు వారాలు అలా తిని, మూడోవారం వెళ్లలేదు. శుక్రవారం కూడా మేడమ్ ఇంట్లోనే ఉండి, తెలుగు మాట ఒక్కటీ లేకుండా పడుకున్నాను. గోడతో మాట్లాడాను. నిజంగానే మాట్లాడాను.

ఈ మాట మస్తాన్ నోటి నుంచి మేడమ్ చెవిలో పడితే ఏమవుతుందో తెలుసా? ఇక్కడ తప్పు నీది నాది అని విడదీసి చూడరు. అయినా నాకు ఆ భయం కంటే ఆ మెట్ల మీద అన్నమే ఎక్కువ గుర్తొస్తోంది.

తీయించు. అది కనపడకుండా పోతే, "అదేదో అబద్ధం, చూపించండి చూద్దాం" అని నేను ఈ నలుగురి ముందూ నోరెత్తగలను. ఎగ్జిట్ పెట్టుకుని తలెత్తుకుని నీ దగ్గరికి రాగలను. లేకపోతే రాలేను. మీ వీధిలోనూ ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఉంటారు.

గదికి ఏ రంగూ వేయించకు.

రత్తమ్మక్క


రాజమండ్రి
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు సురేంద్ర మీద విసుక్కున్నాను. ఆయన తప్పేం లేకపోయినా. మెట్ల మీద నువ్వు తింటున్నట్టే కనపడేది.

కంపెనీ సంగతి చెబుతాను. అక్కడ మాతో మాట్లాడేవాడికి ఒక్కోసారి ఒక్కో పేరు. మాట మాత్రం తియ్యగా ఉంటుంది. తీసెయ్యమంటే, ఒకసారి ఇచ్చాక అవి మావి కావన్నాడు. ఒప్పుకున్న కాగితంలో అలాగే ఉందట. ఉందక్కా, చూశాను. మా వీడియోలు, మా ఒళ్లు, మేం తీసుకున్నవి, అవి మావి కావు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనని నీకు గొప్పలు రాశాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తోంది. వీడియోలు తీసినందుకు వేయని సిగ్గు దీనికి వేస్తోంది.

పోలీసుల దగ్గరికి వెళ్దామంటే, ముందు మమ్మల్నే లోపలేస్తారు. ఆ సంగతి వాడికి మాకన్నా బాగా తెలుసు.

పోనీ కొత్తవి ఇస్తాం, వాటికి బదులు పాతవి తీసెయ్యమన్నాను. వెనక ఉత్త గోడతో ఒకటి తీసి పంపాం. నాకిష్టం లేకపోయినా నీకోసం తీశాను. అది తీసుకుని, పాతవీ ఉంచుకుని, వాడేమన్నాడో తెలుసా? "దిళ్లు ఏవీ? మీ మొహాలు ఎవరికీ తెలియవు. మిమ్మల్ని ఆ పక్షులతోనే గుర్తుపడతారు. చిలకల జంట అని పేరు పెట్టి వెతుక్కుంటున్నారు. అవి తీసేస్తే ఇక మీరెవరు?" ఇకనుంచి ప్రతి దాంట్లో అవి కనపడాలట. లేకపోతే ఇండియాను మూసి ఉంచే బాధ్యత తమది కాదట.

ఆ రాత్రే గలేబులు విప్పి, డాబా మీద తగలబెట్టాను. మఖ్మలు కంపు వీధంతా వచ్చింది. కింది వాటావాళ్లు వచ్చి అడిగితే పాత చీరలన్నాను. ఇక వీడియోలు తీసేది లేదని వాడికి చెప్పేశాను. సురేంద్ర కెమెరాలు అమ్మకానికి పెట్టాడు. ఎలక్ట్రికల్ షాపులో పనికి వెళ్తున్నాడు. నేను మన వీధి చివర టైలరు దగ్గర కాజాలు కుడుతున్నాను.

పాతవి ఉంటాయి. వాటిని నేను తీయించలేను. ఇండియా తెరిచారో లేదో కూడా తెలీదు. వీధిలో ఎవరైనా నా వైపు చూస్తే, వీళ్లు చూశారా అనుకుంటాను. చూడనీ. నువ్వు రా అక్కా. నువ్వు ఇంట్లో ఉంటే ఎవరు చూసినా భరిస్తాను. ఇది నేను నిన్ను అడుగుతున్నాను. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

చిలకల్ని కాల్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. కత్తిరించి దాచాను. ముక్కు పొడవుది ఈ కవరులో పెడుతున్నాను.

గదికి లేత నీలం వేయించాను. నువ్వు వద్దన్నా.

నీ మాణి


అల్ అజీజియా, అల్ ఖోబర్
జనవరి

మాణిక్యానికి,

నీ ఉత్తరం గురువారం ఫారూఖ్ ఇచ్చాడు. బాత్రూములో తలుపు వేసుకుని చదివాను. మఖ్మలు కంపు నాకూ వచ్చినట్టైంది. నువ్వు కాజాలు కుడుతున్నావని చదివి చాలాసేపు ఏడ్చాను. నీకు కాజా ఎప్పుడూ వంకరే వస్తుంది.

మర్నాడు శుక్రవారం ముత్యవ్వ తానే కబురు పెట్టింది. వెళ్లాను. అందరూ ఉన్నారు. పొయ్యి మీద నుంచి అన్నం దింపి, గదిలో మధ్యన పెట్టి ఉంచారు. ముత్యవ్వ అంది:

"ఎన్నొద్దులని గట్ల రాకుండ ఉంటవ్ రత్తమ్మా. నువ్వేం పాపం జెయ్యలే. మా అందరికీ ఎర్కే. గా పిల్లతోని నాకేం సంబంధం లేదని ఒక్క మాట అను. అన్నం మీద చెయ్యి పెట్టి అను. అంతే, అయిపాయె. మస్తాన్‌ను గూడ నోరు మూస్కొమ్మంటం."

నీ మాట గుర్తుంది. మస్తాన్‌ను ఎవరైనా ఏమైనా అడిగారా అన్నావు. ఎవరూ అడగలేదు. ఆ వీడియో ఇంకా అతని ఫోన్‌లోనే ఉంది. ముత్యవ్వ మొగుడే చెప్పాడు. అతనితో ఏ అన్నం మీదా ఎవరూ ఒట్టు పెట్టించరు. అది అన్యాయమని నాకూ తెలుసు. అక్కడే అడగాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా.

అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. చెయ్యి పెట్టాను, కాలింది.

నాకు చెల్లెలు లేదన్నాను. వాళ్లు అడిగింది సంబంధం లేదనమని మాత్రమే. నా నోటికి ఇదే వచ్చింది.

ఇకామా రెన్యువల్ చెయ్యమని మేడమ్‌తో చెప్పాను. ఆమె చాలా సంతోషించింది. ఎగ్జిట్ మాట ఇక ఎత్తను. గదిలో నీ సామాన్లు పెట్టుకో. ఉత్తరాలు రాయకు. ఫారూఖ్‌కు కూడా చెప్పాను, నా పేరున ఏదొచ్చినా తీసుకోవద్దని.

చిలకను వెనక్కి పంపుతున్నాను. అది నా పెట్టెలో ఉండటానికి వీల్లేదు.

ఒట్టు పెట్టాక అందరూ జరిగి నాకు మధ్యలో చోటిచ్చారు. షబానా నా పక్కనే కూర్చుంది. కూర ముత్యవ్వ తన చేత్తో వడ్డించింది. చింతచిగురు, ఎండు రొయ్యలు. నువ్వెలా ఉన్నావో అనుకుంటూ నేను తినలేకపోయానని రాస్తే బాగుండేది. నేను కడుపునిండా తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను.

రత్తమ్మ